రాయదుర్గం నుంచి ఉప్పల్ దాకా: కీపర్‌ని ఇస్తే ఎవరొస్తారు?

హైటెక్ సిటీలో శుక్రవారం రాత్రి కొత్త వెర్షన్ ప్రొడక్షన్‌లోకి ఎక్కించే పని పడిందంటే తెల్లారేదాకా కుర్చీ వదలడానికి ఉండదు. 2025 నవంబరు 14 రాత్రి మాకు పడింది అలాంటి పనే. మర్నాటి సాయంత్రానికి ఐపీఎల్ జట్లు ఎవరిని ఉంచుకుంటున్నాయో, ఎవరిని వదులుకుంటున్నాయో జాబితాలు ఇచ్చేయాలి. దాంతో సర్వర్లు రీస్టార్ట్ అవుతున్నంతసేపూ మా ఫ్లోర్‌లో ఒకటే మాట. రాజస్థాన్ రాయల్స్ సంజూ శాంసన్‌ని చెన్నైకి ఇచ్చేస్తోంది, బదులుగా ఎవరొస్తారు?

జడేజా ఖాయమని వారం రోజులుగా వినిపిస్తూనే ఉంది. జడేజా ఒక్కడేనా, శామ్ కరన్ కూడానా, లేక రాజస్థాన్ పట్టుబట్టి బ్రెవిస్‌నే లాక్కుంటుందా అన్నదే తేలలేదు. మా టీమ్‌లో డేటాబేస్ చూసే హన్మకొండ అన్న మొదటినుంచీ ఒకే మాట మీద ఉన్నాడు. "ఒక్క కీపర్‌ని ఇస్తే ఇద్దరు రావాలె తమ్మీ. కీపరూ ఆయనే, ఓపెనరూ ఆయనే, కెప్టెనూ ఆయనే. ముగ్గురి పని చేసేటోనికి ఒక్కడు ఎట్ల సరిపోతడు?" నాకూ అదే న్యాయమనిపించింది.

కాల్‌లో అవతల సియాటిల్ నుంచి రాజమండ్రి ఆయన ఉన్నారు. క్లయింట్ తరఫున మా పని చూసే మేనేజరు గారు, అక్కడికి వెళ్లాక బేస్‌బాల్ అభిమాని అయ్యారు. మా గోల విని ఆయన కూడా కలిశారు. "మా దగ్గరా ఇదే గొడవండీ. ఇద్దరు క్యాచర్లున్నారు, ఆడేది ఒక్కడే. రెండోవాణ్ణి ఇస్తే ఎవరొస్తారా అని ఇక్కడ అందరూ లెక్కలేస్తున్నారు."

వాళ్ల జట్టు సియాటిల్ మారినర్స్. వాళ్ల క్యాచర్ కాల్ రాలీ ఆ ఏడాది 60 హోమ్ రన్లు కొట్టాడు. క్యాచర్‌గా ఆడుతూ ఒక సీజన్లో అన్ని కొట్టినవాడు ఇంకొకడు లేడు. ఆ మార్చిలోనే అతనితో ఆరేళ్లకు ఒప్పందం రాసుకున్నారు. అతని వెనక 2021 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో తెచ్చుకున్న హ్యారీ ఫోర్డ్ అనే కుర్రాడు ఎదురుచూస్తున్నాడు. ముందున్నవాడు ఆరేళ్లపాటు కదలడని తెలిశాక కుర్రాణ్ణి ఎంతకాలం బెంచీ మీద కూర్చోబెడతారు?

బేస్‌బాల్ క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడే గానీ బాధ్యత ఇంకాస్త ఎక్కువ. బ్యాటర్ వెనక మోకాళ్ల మీద కూర్చుని, తర్వాతి బంతి ఎలాంటిది వేయాలో ప్రతిసారీ పిచర్‌కి సైగ చేసేది అతనే. ఒకప్పుడు వేళ్లతో చేసేవారు, 2022 నుంచి మీటలు నొక్కే చిన్న పరికరం కూడా వచ్చింది. అందుకే క్యాచర్‌ని ఇవ్వడమంటే ఆ జట్టు బౌలింగ్ గుట్టుమట్లన్నీ తెలిసినవాణ్ణి ఇవ్వడం. ఆయన చెప్పినవాటిలో మా టీమ్‌లోని గుంటూరు కుర్రాణ్ణి బాగా పట్టేసిన సంగతి మరొకటుంది. అక్కడ ఆటగాడికి ఇచ్చే బదులు చాలాసార్లు పేరున్న ఆటగాడు కాదు. పద్దెనిమిది, ఇరవయ్యేళ్ల పిల్లలు, కింది లీగుల్లో ఆడుతూ ఇంకా పైకి రానివాళ్లు. పెద్దవాణ్ణి ఇచ్చి ముగ్గురు పిల్లల్ని తెచ్చుకుని నాలుగేళ్లు ఎదురుచూస్తారు. పైగా ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించుకున్నవాళ్లకూ, బాగా సీనియర్లకూ తప్ప ఆటగాడి అనుమతితో పనిలేదు. పొద్దున లేచేసరికి ఊరు మారిపోయి ఉంటుంది. మన ఐపీఎల్లో ఆటగాడు ఒప్పుకుంటేనే ట్రేడ్. ఈ ఒక్క విషయంలో మన పద్ధతే మెరుగని నా నమ్మకం.

పని ముగించి బయటపడేసరికి బాగా పొద్దెక్కింది. నలుగురం రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర టిఫిన్ బండి ముందు ఆగాం. నేను, హన్మకొండ అన్న, గుంటూరు కుర్రాడు, హబ్సిగూడలో గది తీసుకుని ఉంటున్న త్రిశూర్ అమ్మాయి. ఆ అమ్మాయి తెలుగు ఆఫీసులోనే నేర్చుకుంది, ఇప్పుడు మాతో సమానంగా వాదిస్తుంది. మైసూరు బజ్జీ ప్లేట్లు చేతికి వచ్చేలోపే ఫోన్లు మోగాయి. అధికారిక ప్రకటన వచ్చేసింది. సంజూ 18 కోట్లకు చెన్నైకి. జడేజా, శామ్ కరన్ ఇద్దరూ రాజస్థాన్‌కి. జడేజా ధర 18 నుంచి 14 కోట్లకు తగ్గింది. కరన్‌ది 2.4 కోట్లే.

"జెప్పిన్నా లేదా, ఇద్దరు!" అని హన్మకొండ అన్న సంబరపడ్డాడు. ఆ అమ్మాయి మాత్రం ప్లేటు పక్కన పెట్టేసి ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది. "జడేజా తక్కువవాడేం కాదు అన్నా. 2008లో రాజస్థాన్ కప్పు కొట్టిన జట్టులో ఉన్నాడు, మళ్లీ ఆ ఇంటికే వెళ్తున్నాడు. అయినా మా సంజూ చేట్టన్‌కి బదులు ఎవరొచ్చినా నాకు సరిపోదు." 2013లో రాజస్థాన్‌కి వచ్చిన పిల్లాడు సంజూ. ఆ జట్టు నిషేధంలో ఉన్న రెండేళ్లు ఢిల్లీకి ఆడి తిరిగొచ్చాడు. 2021లో కెప్టెనయ్యాడు, 2022లో ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఇన్నేళ్ల అభిమానాన్ని కోట్ల లెక్కలో ఎక్కడ వేస్తాం? ఆ అమ్మాయి బాధ నాకు అర్థమైంది.

రాయదుర్గంలోనే రైలు మొదలవుతుంది కాబట్టి సీట్లు దొరికాయి. శనివారం పొద్దున ఈ దిక్కుకి జనం తక్కువ. హైటెక్ సిటీ స్టేషన్ దాటకముందే హన్మకొండ అన్న ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచాడు. రాజస్థాన్ పర్సులో మిగిలింది 30 లక్షలే, విదేశీ ఆటగాళ్ల కోటా ఎనిమిదీ నిండిపోయింది. "జూడు తమ్మీ. సంజూ పోతే 18 వస్తయి. ముప్పై లక్షలు కలుపు, 18.3. జడేజా పాత ధర 18, కరన్‌ది 2.4, కలిపితే 20.4. సరిపోయిందా? సరిపోలె. గదే జడేజాకు 14 అయితే?" అని మీటలు నొక్కి స్క్రీన్ నా వైపు తిప్పాడు. 16.4. లెక్క సరిపోవడమే కాదు, ఇంకా మిగులుతోంది. "కరన్‌కు జాగ కావాల్నంటే ఇంకో విదేశపోడు పోవాలె." సాయంత్రం రాజస్థాన్ ఇచ్చిన జాబితాలో హసరంగా, తీక్షణ ఇద్దరూ లేరు. మ్యాచ్ చూడటం ఒక ఆనందమైతే, జట్టు ఎలా కడతారో కాగితం మీద కట్టి చూసుకోవడం ఇంకో ఆనందం. రాత్రంతా వేరేవాళ్ల డేటా సరిచేసిన మనిషి పొద్దున్నే ఇష్టంగా ఈ లెక్కలోకి దిగడం చూస్తే నాకు ముచ్చటేసింది.

దుర్గం చెరువు దాటాక మాట మన జట్టు మీదికి మళ్లింది. హైదరాబాద్‌దీ సియాటిల్ పరిస్థితే. కీపర్లు ఇద్దరు. క్లాసెన్ ధర 23 కోట్లు, ఇషాన్ కిషన్ ధర 11.25 కోట్లు. క్లాసెన్‌ని వదిలేస్తారనో, ఎవరికో ఇస్తారనో కొన్ని వారాలుగా పుకారు. సాయంత్రం జాబితా వచ్చేదాకా తేలదు. మరి ఇస్తే ఎవరిని అడగాలి?

"గంత పెట్టి తీస్కునేటోడు బదులు ఎవల్నిస్తడు? ఇడిచిపెట్టి ఏలంల తక్కువకు మళ్ల కొనుక్కోవాలె" అన్నాడు హన్మకొండ అన్న.

"అట్టా అంటే ఎట్టా అన్నయ్యా? ఏలంలో వేరేవోళ్లు ఎగరేసుకుపోతే? ఆయన్ని ఇచ్చేసి మనమేం చేసుకోవాలి?" అని గుంటూరు కుర్రాడు లేచి నిలబడ్డాడు. మే 25న ఢిల్లీలో కోల్‌కతా మీద 37 బంతుల్లోనే క్లాసెన్ వంద కొట్టిన ఇన్నింగ్స్ గురించి చెప్పుకొచ్చాడు. అక్కడితో ఆగలేదు. "మీరంతా బ్యాటింగే లెక్కేస్తున్నారు. కీపింగ్‌కి ధర కట్టరా?" అంటూ రైలు కడ్డీ పట్టుకున్న ఎడమ చెయ్యి నా ముందుకు చాపాడు. ఉంగరపు వేలి మధ్య కణుపు ఉబ్బి, పై ముక్క చిటికెన వేలి వైపు ఒరిగిపోయి ఉంది. పిడికిలి బిగిస్తే మిగతా వేళ్లు ముడుచుకున్నాయి గానీ అదొక్కటి సగంలోనే ఆగిపోయింది. కాలేజీ రోజుల్లో కార్క్ బంతితో కీపింగ్ చేస్తూ లెగ్ సైడ్ వెళ్లిన బంతి పట్టబోతే అలా అయిందట. కీబోర్డు మీద ఆ వేలు వాడడు. ఇంతకాలం పక్కపక్కనే పనిచేస్తూ నేను గమనించనేలేదు.

ఆ వేలు చూశాక సంజూ 2025 సీజన్ గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో వాంఖడేలో ఆర్చర్ బంతి తగిలి చూపుడు వేలు విరిగింది. మార్చి 23న ఉప్పల్లో మన జట్టు 286 కొట్టి, ఇషాన్ 106 నాటౌట్‌గా నిలిచిన మ్యాచ్‌లో సంజూకి కీపింగ్ అనుమతి లేదు, కెప్టెన్సీ రియాన్ పరాగ్ చేశాడు. సంజూ ఇంపాక్ట్ ఆటగాడిగా బ్యాట్ పట్టుకుని మాత్రమే వచ్చి 37 బంతుల్లో 66 కొట్టాడు. కీపర్‌ని కొనేవాళ్లు ఆ చేతుల్నీ కొంటున్నారు. అవి ఎన్నాళ్లు నిలుస్తాయన్నది కూడా లెక్కలోకి రావాలి. గుంటూరు కుర్రాడి ప్రశ్న న్యాయమైనదే.

యూసుఫ్‌గూడ దగ్గర కాసేపు క్రికెట్ ఆగింది. ముందురోజే జూబ్లీహిల్స్ ఉపఎన్నిక ఓట్లు అక్కడి ఇండోర్ స్టేడియంలో లెక్కపెట్టారు. ఎక్కినవాళ్లంతా ఆ మెజారిటీ గురించే మాట్లాడుతున్నారు. అమీర్‌పేటలో కోచింగ్ పిల్లలు బ్యాగులతో బోగీ నింపేశారు. అప్పుడు నేను 2018 సంగతి ఎత్తాను, ఎందుకంటే ఈ ఊరి అభిమానులకు ట్రేడ్ గురించి అంతకంటే మంచి పాఠం ఇంకోటి లేదు.

2018 నవంబరులో ఈ అమీర్‌పేట-హైటెక్ సిటీ మార్గం ఇంకా తెరుచుకోలేదు. అది తెరిచింది 2019 మార్చి 20న. కంపెనీ బస్సులోనే మాదాపూర్ ట్రాఫిక్‌లో కూర్చుని వాదించుకునేవాళ్లం. అప్పుడే సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ని ఢిల్లీకి ఇచ్చేసింది. ధావన్ ధర 5.2 కోట్లు. బదులుగా వచ్చినవాళ్లు ముగ్గురు. విజయ్ శంకర్ 3.2 కోట్లు, షాబాజ్ నదీమ్ 3.2 కోట్లు, అభిషేక్ శర్మ 55 లక్షలు. బస్సులో అందరి నోటా విజయ్ శంకర్ పేరే. కొన్ని నెలలకే అతను ప్రపంచకప్ జట్టుకి ఎంపికయ్యాడు. సెలెక్షన్ కమిటీ చైర్మన్, గుంటూరు నుంచి వచ్చి టీమిండియాకి కీపింగ్ చేసిన ఎమ్మెస్కే ప్రసాద్, అతన్ని త్రీ డైమెన్షనల్ ఆటగాడని మెచ్చుకోవడం, చోటు దక్కని మన అంబటి రాయుడు త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని ట్వీట్ చేయడం తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. ఈ గొడవంతటిలో మూడో పేరు ఎవరూ ఎత్తలేదు. అభిషేక్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్లు.

ఢిల్లీకి వెళ్లిన ధావన్ 2019లో 521 పరుగులు, 2020లో వరసగా రెండు వందలతో కలిపి 618 పరుగులు చేశాడు. అదే ఏడాది నవంబరు 8న రెండో క్వాలిఫయర్లో మన మీదే 78 కొట్టి మనల్ని ఇంటికి పంపాడు. ఆ రాత్రి ఆ ట్రేడ్ గురించి అడిగితే ఈ ఊళ్లో ఏ అభిమానైనా దండగ బేరమనే చెప్పేవాడు. 2024లో అదే పేరులేని మూడోవాడు 42 సిక్సర్లతో 484 పరుగులు కొట్టాడు. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్లో పంజాబ్ 245 కొడితే 55 బంతుల్లో 141 చేసి గెలిపించాడు. మధ్యలో 2022 వేలానికి ముందు సన్‌రైజర్స్ అతన్ని వదిలేసి, వేలంలో 6.5 కోట్లు పెట్టి తిరిగి తెచ్చుకుంది. నా దృష్టిలో ఆ ట్రేడ్‌లో వచ్చిన అసలు లాభం, వదిలేయడానికి ముందు అతను మన దగ్గరున్న ఆ మూడేళ్లే. కుర్రాణ్ణి నెట్స్‌లో రోజూ దగ్గర్నుంచి చూశారు కాబట్టే అంత ధర పెట్టడానికి వెనకాడలేదు.

"అయితే పిల్లల్ని తెచ్చుకోవడమే మంచిదంటావా అన్నయ్యా?" అని గుంటూరు కుర్రాడు అడిగాడు. అన్నిసార్లూ కాదు. రాత్రి మేనేజరు గారు ఇంకో సంగతి కూడా చెప్పారు. 2019 ఫిబ్రవరిలో మయామి మార్లిన్స్ తమ క్యాచర్ రియల్‌ముటోని ఫిలడెల్ఫియాకి ఇచ్చింది. బదులుగా వచ్చినవాళ్లలో అందరి ఆశా సిక్స్టో సాంచెజ్ అనే కుర్ర పిచర్ మీద. 2020లో వచ్చీరాగానే అదరగొట్టాడు. తర్వాత భుజం గాయంతో మూడేళ్లు పెద్ద లీగులో ఆడనేలేదు. రియల్‌ముటో 2022లో ఫిలడెల్ఫియాతో వరల్డ్ సిరీస్ ఆడాడు. పిల్లల్ని తెచ్చుకోవడం విత్తనం వేయడం లాంటిది, అన్నీ మొలవవు. అయినా వేయనిదే ఏదీ మొలవదు కదా.

సికింద్రాబాద్ ఈస్ట్ దాటాక షమీ దగ్గరికొచ్చాం. ఇక్కడ మా నలుగురికీ ఒకటే అభిప్రాయం, ఒకటే బాధ. షమీని సన్‌రైజర్స్ లక్నోకి ఇచ్చింది, 10 కోట్లకు. బదులుగా ఆటగాడెవరూ లేడు. 2025లో అతను తొమ్మిది మ్యాచ్‌లలో ఆరు వికెట్లే తీశాడు, ఓవర్‌కి 11కి పైగా పరుగులిచ్చాడు, నిజమే. "పర్సుల పైసలొచ్చినయి గద" అన్నాడు హన్మకొండ అన్న, కానీ ఆ గొంతులో హుషారు లేదు. పర్సులో డబ్బు వేలం రోజుకి పనికొస్తుంది. పదిమంది వెంటపడే ఆటగాడి కోసం అందరితో పోటీపడి ఖర్చుపెట్టే డబ్బది. లక్నో దగ్గర ఇంకా ఆడించని కుర్రాణ్ణి ఒకణ్ణి అడిగి ఉంటే?

హబ్సిగూడలో త్రిశూర్ అమ్మాయి దిగబోతూ తలుపు దగ్గర ఆగింది. 2024 అక్టోబరు 12, దసరా రోజున ఉప్పల్ స్టాండ్స్‌లో ఆమె కూడా ఉంది. బంగ్లాదేశ్ మీద సంజూ 47 బంతుల్లో 111 కొట్టిన రాత్రి. రిషద్ హొస్సేన్ ఓవర్లో వరసగా ఐదు సిక్సర్లు. భారత్ 297. "పండగకి ఊరెళ్లకుండా ఉండిపోయినందుకు అమ్మ తిట్టింది. ఇక్కడ ముప్పై వేలమంది తెలుగువాళ్లు సంజూ సంజూ అని అరుస్తుంటే అమ్మకి ఫోన్ చేసి వినిపించాను. ఇప్పుడు పసుపు చొక్కాలో ఉప్పల్ వస్తాడు. మీరు మళ్లీ అరవాలి" అని దిగిపోయింది. గుంటూరు కుర్రాడు తలుపులు మూసుకునేలోపే "అరుస్తాం అక్కా" అని మాటిచ్చాడు.

ఎన్‌జీఆర్ఐ తర్వాత స్టేడియం స్టేషన్. మా ఇళ్లు ఆ చుట్టుపక్కలే. మ్యాచ్ రోజు ఆ మెట్ల మీద అడుగు తీసి అడుగు వేయలేం. ఆ పొద్దున మాత్రం గేటు దాకా నడిచి వెళ్తే కాపలాదారు తప్ప ఎవరూ లేరు. ఆయన కూడా మమ్మల్ని మొదట అడిగింది "క్లాసెన్‌ని ఉంచుకుంటున్నరా సార్?" అనే. సాయంత్రం దాకా ఆగమన్నాం.

సాయంత్రం జాబితా వచ్చింది. క్లాసెన్ ఉన్నాడు, ఇషాన్ కూడా ఉన్నాడు. గుంటూరు కుర్రాడు ఆఫీసు గ్రూపులో వరసగా నారింజ గుండెలు పెట్టాడు. డిసెంబరు మొదటి వారంలో సియాటిల్ నుంచీ కబురొచ్చింది. హ్యారీ ఫోర్డ్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చారు, బదులుగా ఫెరర్ అనే ఎడమచేతి పిచర్ వచ్చాడు. మంచి బేరమా అని అడిగితే మేనేజరు గారు నాలుగేళ్ల తర్వాత అడగమన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది.

డిసెంబరు 16న అబుదాబీ వేలానికి సన్‌రైజర్స్ 25.5 కోట్ల పర్సుతో వెళ్లింది. అందులో 13 కోట్లు లివింగ్‌స్టన్‌కి పెట్టింది. పంజాబ్ కుర్ర కీపర్ సలిల్ అరోరాని 1.5 కోట్లకు తెచ్చుకుంది. వీళ్లలో రేపు పైకి వచ్చేవాడు సలిల్ అరోరా అయితే నేను సంతోషిస్తాను. షమీ విషయంలో మాత్రం నా తీర్పు మారదు. పది కోట్లు చాలవని కాదు, ఆటగాణ్ణి ఇచ్చేటప్పుడు ఆటగాణ్ణే అడగాలి. 55 లక్షల అభిషేక్‌ని ఢిల్లీ దగ్గర అడిగి తెచ్చుకున్న జట్టు లక్నో దగ్గరా ఒక కుర్రాణ్ణి అడిగి ఉండాల్సింది.